సత్యభామ గొంతు ఎవరిది? బెజవాడ ఋష్యేంద్రమణి చెప్పే లెక్క

“మీరజాలగలడా నా యానతి” అని మొదలవగానే కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎవరికైనా కళ్ల ముందు నిలిచేది జమున. 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారంలో ఆ బిగువూ ఆ ఓరచూపూ ఆవిడవి. గొంతు పి. సుశీలది. ఇందులో ఎవరికీ తెలియని రహస్యమేమీ లేదు. నటించేది ఒకరు, పాడేది ఇంకొకరు అనే ఏర్పాటుకు మనం ఎంతగా అలవాటు పడిపోయామంటే దాని గురించి ఆలోచించడమే మానేశాం.

ఇదే పాత్రను పట్టుకుని వెనక్కి నడిస్తే కథ వేరేలా ఉంటుంది. 1935లోనూ ఇదే పేరుతో ఒక సినిమా వచ్చింది. అందులో సత్యభామ ఋష్యేంద్రమణి. 1917లో బెజవాడలో పుట్టిన మనిషి, అప్పటికింకా ఇరవై నిండలేదు. నటనా ఆవిడదే, పాటా ఆవిడదే. ఇంకాస్త వెనక్కి వెళ్తే బాపట్ల నుంచి వచ్చిన స్థానం నరసింహారావు కనిపిస్తారు. ముత్తరాజు సుబ్బారావు రాసిన తులాభారం నాటకంలో సత్యభామ వేషానికి ఆయన పెట్టింది పేరు. ఆ “మీరజాలగలడా” పాట కూడా తన వేషం కోసం ఆయన రాసుకున్నదే.

అంటే ఒక్క పాత్ర మూడు రకాలుగా బతికింది. మొదట మగవాడు ఆడి పాడాడు. తర్వాత ఆడమనిషి ఆడి పాడింది. ఆపైన ఒకరు ఆడితే ఇంకొకరు పాడారు. ఈ మార్పు అంతా ఒక మనిషి జీవితకాలంలోనే జరిగిపోయింది.

దీనికి అందరి నోటా ఉన్న సమాధానం ఒకటుంది: ప్లేబ్యాక్ వచ్చింది, పాడే నటీమణుల పని అయిపోయింది అని. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఋష్యేంద్రమణి కెరీర్ ఆ లెక్కలో ఇమడదు. 1935లో మొదలుపెట్టిన ఆవిడ 1957లో మాయాబజార్‌లో సుభద్ర, 1961లో జగదేకవీరుని కథలో రాజమాత. పని అయిపోయిన మనిషిని పిలిచి అలాంటి వేషాలు ఇవ్వరు. పాట చేజారినా ఏదో మిగిలింది. అదేమిటో తెలియాలంటే ముందు వాళ్లు నేర్చుకున్న విద్య ఏమిటో చూడాలి.

మైకు లేని రోజులు

1920లు, 30ల్లో బెజవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతం పద్యనాటకానికి పుట్టిల్లు లాంటిది. మైలవరం రాజావారి అండతో నడిచిన బాలభారతి నాటక సమాజం బెజవాడలో నాటకాలాడేది. జనం నోట్లో అది మైలవరం కంపెనీ. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి లాంటి వాళ్లు అందులో వెలిగారు. తెనాలిలో రామవిలాస సభ ఉండేది, స్థానం వారి పేరు దానితోనే ముడిపడి ఉంది. ఆడవేషాలు చాలాకాలం మగవాళ్లవే. కడప వైపు 1885లో పుట్టిన సురభి సమాజాల్లో మాత్రం ఇంటిల్లిపాదీ వేషాలు కట్టేవాళ్లు కాబట్టి అక్కడ ఆడవేషం ఆడవాళ్లే వేసేవారు. మిగతా చోట్ల స్త్రీలు వేదికెక్కడం మెల్లగా, ఎన్నో మాటలు పడుతూ జరిగింది. సంగీతం, నాట్యం తరతరాలుగా నిలబెట్టిన కళావంతుల కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు అందులో చాలామంది. వాళ్ల పాటకు చప్పట్లు కొట్టిన ఊరే వాళ్లని ఇంటి గడప దాకా రానిచ్చేది కాదు.

గుంటూరు జిల్లా నుంచే వచ్చిన దాసరి కోటిరత్నం ఇంకో అడుగు ముందుకేసి సొంతంగా నాటక సమాజమే నడిపారు. మగవేషాలూ కట్టేవారు. 1935లో వచ్చిన సతీ సక్కుబాయి సినిమాతో తెలుగులో తొలి మహిళా నిర్మాతగా ఆవిడ పేరు చెబుతారు. మన సినిమా చరిత్రల్లో ఆవిడకు ఒక పేరాకు మించి చోటు దొరకదు, అది వేరే బాధ.

ఇంతకీ వేదిక మీద పద్యం పాడటం అంటే ఏమిటి? పాటకచేరీ లాంటిది కాదు. సత్యభామ అలకలో ఉందనుకుందాం. ఎదురుగా కృష్ణుడు. ఆవిడ మామూలు వచనంలో దెప్పిపొడుస్తోంది. ఆ మాటల చివర గొంతు కొద్దిగా పైకి లేస్తుంది. వేదిక పక్కన హార్మోనియం దగ్గర కూర్చున్నాయన ఆ జాడ పట్టుకుని శ్రుతి అందిస్తాడు. మాట ఎక్కడ ఆగిందో రాగం ఎక్కడ మొదలైందో తెలియకూడదు. దాన్నే ఎత్తుగడ అంటారు. పద్యంలో సమాసాలు పెద్దవి, వాటిని ఎక్కడ విరిస్తే అర్థం చెడదో తెలిసి విరవాలి. రాగం తియ్యాలి కానీ అక్షరాన్ని మింగకూడదు, ఒత్తులు పోకూడదు. నాలుగో పాదం అయ్యాక ఆలాపన. ఇంతలో నేల మీద కూర్చున్నవాళ్లు “వన్స్ మోర్” అంటారు, మళ్లీ పాడాలి. పాడి, ఏ కోపంతో పద్యం ఎత్తుకుందో అదే కోపంతో తిరిగి వచనంలోకి దిగాలి. మధ్యలో చప్పట్లకు మొహం వెలిగిపోయిందంటే సత్యభామ పోయి పాటగత్తె మిగులుతుంది.

ఇదంతా మైకు లేకుండా. చివరి వరసలో కూర్చున్న మనిషికి అక్షరం అక్షరం అందాలి. అందుకే ఆ తరం గొంతులు ఎత్తు శ్రుతిలో, పదునుగా ఉంటాయి. ఈ రోజు గ్రామఫోను ప్లేట్లు వింటే కొంతమందికి అరిచినట్టు అనిపిస్తుంది. తప్పు గొంతుది కాదు. వెయ్యిమందికి తయారైన గొంతును మనం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నాం.

ఈ విద్యలో రెండు పనులు కలిసి ఉన్నాయి: రాగం ఒకటి, వాచికం ఒకటి. నటి మాటను పలికే తీరు, విరుపు, ఊపిరి పట్టే చోటు, కోపం నుంచి వేడుకోలుకు జారే పద్ధతి, అదంతా వాచికం. వేదిక మీద ఈ రెంటినీ ఎవరూ విడదీసి చూడలేదు, చూడాల్సిన అవసరమూ రాలేదు.

టాకీ ఎందుకు వీళ్లనే పిలిచింది

1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చినప్పుడు దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి లీలావతి వేషానికి సురభి కమలాబాయిని తీసుకున్నారు. కారణం కళాత్మకమైనది కాదు, పూర్తిగా యంత్రానికి సంబంధించినది. అప్పట్లో బొమ్మా శబ్దమూ ఒకేసారి పట్టేవారు. కెమెరా తిరుగుతుండగానే నటి పాడాలి. వాద్యాలవాళ్లు ఫ్రేములో పడకుండా ఏ చెట్టు చాటునో, తెర వెనకో కూర్చునేవారు. తాళం తప్పినా, శ్రుతి జారినా మొత్తం షాటు మళ్లీ తియ్యాలి, ఫిల్ము దండగ. కాబట్టి నిర్మాత ముందుగా చూసింది అందం కాదు, తప్పు లేకుండా ఒక్క ఊపులో పాడే సత్తా. అది ఉన్నది నాటకాలవాళ్ల దగ్గరే.

పైగా మొదట్లో తెలుగు సినిమాలు తీసింది బొంబాయిలో, కలకత్తాలో, కొల్హాపూర్‌లో. అంత దూరం వెళ్లి ఒక్కొక్కరినీ వెతుక్కునే కంటే, పాత్రలు కంఠతా వచ్చిన సమాజాన్ని టోకున రైలెక్కించడం తేలిక. కథలూ నాటకాలవే, పద్యాలూ నాటకాలవే. 1935 శ్రీకృష్ణ తులాభారం అలా వచ్చిందే. మన రేలంగి, కాంచనమాల సినిమాల్లోకి అడుగు పెట్టింది కూడా దానితోనే. అదే ఏడాది కన్నాంబ హరిశ్చంద్రలో చంద్రమతి, మరుసటి ఏడు ద్రౌపదీ వస్త్రాపహరణంలో ద్రౌపది. చిన్నప్పుడే బాలకృష్ణుడి వేషం కట్టి వేదికెక్కిన ఋష్యేంద్రమణికి ఈ దారి కొత్తేమీ కాదు. గుడారం మారింది, అంతే.

ఆవిడ హీరోయిన్ దశకు శిఖరం 1942లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన పత్ని. తమిళ కావ్యం శిలప్పదికారంలోని కోవలన్, కణ్ణగి కథ; భర్తను అన్యాయంగా చంపినందుకు మదురై నగరాన్ని తగలబెట్టిన ఇల్లాలు కణ్ణగి. కోవలన్‌గా కృష్ణా జిల్లావాడే అయిన కె.ఎస్. ప్రకాశరావు, కణ్ణగిగా ఋష్యేంద్రమణి. విచిత్రం ఏమిటంటే అదే 1942లో తమిళంలోనూ కణ్ణగి సినిమా వచ్చింది, అందులో కణ్ణగి వేషం మన కన్నాంబది. రెండు భాషల్లోనూ మదురైని తగలబెట్టింది తెలుగు నాటకరంగం నుంచి వెళ్లిన ఆడవాళ్లే. తమిళులు కన్నాంబను నెత్తిన పెట్టుకున్నది పాటకంటే ఎక్కువగా ఆ సినిమాలో ఆవిడ చెప్పిన డైలాగులకు. మాతృభాష కాని భాషలో! నాటకాల నటి దగ్గర పాటతో పాటు, పాట లేకపోయినా నిలబడే ఇంకో విద్య ఉందని అప్పుడే తేలిపోయింది. ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

గొంతు విడిపోయిన తీరు

ప్లేబ్యాక్ ఒక రోజున వచ్చి పడలేదు. 1943లో భాగ్యలక్ష్మి సినిమాలో కమలా కొట్నీస్‌కు రావు బాలసరస్వతి పాడారు. 1944లో తహసిల్దార్ సినిమాకు ఎం.ఎస్. రామారావు పాడారు. తెలుగులో తొలి నేపథ్య గాయకుడిగా ఆయన పేరే చెబుతారు. నాలుగేళ్ల తర్వాత బాలరాజు తీస్తున్నప్పుడు అక్కినేని సొంత గొంతు పక్కకు వెళ్లి ఘంటసాల గొంతు వచ్చింది. అక్కినేని నాటకాల్లో చంద్రమతి లాంటి ఆడవేషాలు కట్టి పద్యాలు పాడిన మనిషి. దర్శకుడు ఘంటసాల బలరామయ్య ఆయన్ని చూసింది బెజవాడ రైల్వే స్టేషన్లోనే. పాటే తెలియని మనిషేమీ కాదు. అయినా పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది.

మార్పు ఎంత వేగంగా జరిగిందో చూడాలంటే నటి మాలతిని చూస్తే చాలు. 1940లో బి.ఎన్. రెడ్డి సుమంగళిలో తన పాట తనే పాడుకున్నారు. 1951లో పాతాళభైరవిలో రాకుమారి ఆవిడే, కానీ ఎంత ఘాటు ప్రేమయో అన్న గొంతు పి. లీలది. మనిషి అదే, పదకొండేళ్లలో గొంతు వేరు.

ఎందుకు? పాట రాని అందగత్తెలకు దారి ఇవ్వడానికే ప్లేబ్యాక్ అని చాలామంది అంటారు. అందులో కొంత నిజం ఉంది. అసలు దెబ్బ మాత్రం మైకుది అని నా అభిప్రాయం. పాటను విడిగా, మూసిన గదిలో, మైకు దగ్గరగా నిలబడి రికార్డు చేయడం మొదలయ్యాక చివరి వరసకు వినపడే శక్తికి విలువ పోయింది. గుసగుసలాడినా అందుతుంది. అప్పుడు మెత్తదనం, చిన్న చిన్న గమకాలు, ఊపిరి వినపడేంత దగ్గరితనం గొప్ప గుణాలయ్యాయి. బాలసరస్వతి, లీల, జిక్కి, ఆ తర్వాత సుశీల గొంతులు మైకు కోసం పుట్టినట్టుంటాయి. వేదిక మీద ఇరవై ఏళ్లు సానపట్టిన పదును అక్కడ పంటి కింద రాయిలా తగిలింది. వాళ్ల సంగీతం తగ్గలేదు. దాన్ని కొలిచే తక్కెడ మారింది.

పాట ఆకారం కూడా మారింది. గ్రామఫోను ప్లేటుకు ఒక పక్క మూడు నిమిషాలు పైచిలుకు. సినిమా పాటా ఆ కొలతకే వచ్చి నిలిచింది. వన్స్ మోర్ అన్నప్పుడల్లా కొత్త సంగతి వేసి పావుగంట లాగే మనిషికి మూడు నిమిషాల్లో ఏం చూపించే వీలుంటుంది?

ఇంతవరకు చెప్పింది నిజమైతే సొంతంగా పాడే నటీమణి ఒక్కరూ మిగలకూడదు. మిగిలారు. భానుమతి చివరిదాకా తన పాట తనే పాడుకున్నారు. ఎస్. వరలక్ష్మి 1965 నాటి సత్య హరిశ్చంద్రలోనూ చంద్రమతిగా సొంత గొంతుతోనే పద్యాలు పాడారు. అప్పటికి ప్లేబ్యాక్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. భానుమతికి సొంత నిర్మాణ సంస్థ భరణీ పిక్చర్స్ చేతిలో ఉంది. నా పాట ఇంకొకరు పాడటానికి వీల్లేదని చెప్పగల స్థితి ఆవిడది. కాబట్టి ప్లేబ్యాక్ అందరి గొంతునూ ఒకేలా నొక్కలేదు. పరపతి ఉన్నవాళ్ల గొంతు నిలిచింది, లేనివాళ్లది పోయింది. యంత్రం మీద నెపం పెట్టేవాళ్లు ఈ బేరం సంగతి ఎత్తరు.

వయసు లెక్క

పాట కంటే కనికరం లేనిది వయసు. ఋష్యేంద్రమణి 1917లో పుట్టారు. తెలుగు సినిమా మద్రాసులో స్థిరపడి, విజయా వారి లాంటి పెద్ద సంస్థలు రంగుల కలలు పంచే నాటికి ఆవిడకు ముప్పై నాలుగు. 1957లో పాండురంగ మహాత్మ్యంలో ఆవిడ పుండరీకుడి తల్లి, తండ్రి నాగయ్య. కొడుకు ఎన్టీఆర్. ఎన్టీఆర్ 1923లో పుట్టారు. తల్లీకొడుకుల మధ్య తేడా ఆరేళ్లు! అదే ఏడాది మాయాబజార్‌లో ఆవిడ కొడుకు అభిమన్యుడు అక్కినేని, ఆయనదీ ఇంచుమించు ఎన్టీఆర్ వయసే.

మగవాళ్ల సంగతి చూడండి. గుంటూరు జిల్లా సుద్దపల్లి నుంచి వచ్చిన ఈలపాట రఘురామయ్య 1901లో పుట్టారు. పెద్ద వయసులోనూ వేదిక మీద కృష్ణుడిగా ఈల వేసి జనాన్ని ఊపేశారు. వేదిక దూరంగా ఉంటుంది, దీపాలు, రంగు, కిరీటం కలిసి వయసును దాచేస్తాయి. క్లోజప్‌లో దాక్కోవడం కుదరదు. కాకపోతే ఆ క్లోజప్ కూడా హీరోకు ఒకలా, హీరోయిన్‌కు ఇంకోలా లెక్క కడుతుంది. యాభైల్లో పడ్డ ఎన్టీఆర్ కాలేజీ కుర్రాడిగా కనిపించినా మనం ఈలలు వేశాం.

దీనికి తోడు బెజవాడ గాంధీనగర్. 1921లోనే మారుతీ టాకీస్ వెలసిన ఊరిది. తర్వాత్తర్వాత ఆంధ్రా అంతటికీ సినిమా పంపిణీకి కేంద్రమైంది. పంపిణీదారు అడ్వాన్సు ఇచ్చేది పోస్టరు మీద ఉండబోయే మొహాలు చూసి. పాడగలిగే నలభై ఏళ్ల నటి కంటే పాడలేని ఇరవై ఏళ్ల నటి పేరుకు అడ్వాన్సు తేలిగ్గా పుడుతుంది, పాట ఎలాగూ వేరేవాళ్లు పాడతారు కాబట్టి. ప్లేబ్యాక్, వయసు, పంపిణీ ఈ మూడూ ఒకదానికొకటి ఊతం ఇచ్చుకున్నాయి. విడివిడిగా ఏ ఒక్కటీ ఇంత పని చెయ్యగలిగేది కాదు.

మిగిలిన విద్య

తల్లి వేషాల్లోకి జారడాన్ని పతనంగా రాయడం మన అలవాటు. “ఒకప్పటి హీరోయిన్, తర్వాత క్యారెక్టర్ ఆర్టిస్టు” అని ఒక నిట్టూర్పు. మాయాబజార్ మళ్లీ ఒకసారి సుభద్ర కోసం చూడండి.

అన్నగారింట్లో అవమానం జరిగింది. ఇస్తానన్న పిల్లను ఇవ్వనంటున్నారు. సుభద్ర ఆడబిడ్డ, అతిథి, రాజ్యం పోగొట్టుకున్నవాడి భార్య. గట్టిగా అరిస్తే మర్యాద పోతుంది, ఊరుకుంటే కొడుకు బతుకు పోతుంది. ఆ ఇరకాటం అంతా ఆవిడ మాట విరుపులో వినపడుతుంది. ఆ తర్వాత కొడుకును తీసుకుని అడవి దారి పడుతుంది. అక్కడ ఘటోత్కచుడు అడ్డగిస్తాడు. ఎస్వీ రంగారావు ఎదురుగా ఉండగా ఫ్రేములో ఇంకొకరు కనిపించడమే కష్టం. అభిమన్యుడు స్పృహ తప్పి పడిపోతాడు. అప్పుడు సుభద్ర తనే విల్లందుకుంటుంది. అప్పటిదాకా బాధను దిగమింగిన గొంతు ఒక్కసారిగా వీరపత్ని గొంతయిపోతుంది. పాట లేదు, పద్యం లేదు. కానీ వచనం నుంచి పైస్థాయికి లేచే ఆ పద్ధతి, ఊపిరి ఎక్కడా తడబడకుండా వాక్యం చివరిదాకా బిగువు నిలపడం, అది పద్యం ఎత్తుకునే పద్ధతే. రాగాన్ని తీసేసి ఎత్తుగడను ఉంచుకున్నారు.

ఇది కాకతాళీయం అనుకోను. ఆ మాటలు రాసింది పింగళి నాగేంద్రరావు. ఆయనా బందరులో ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి నాటకాలు రాసి వచ్చినవారే. నటి నోట్లో మాట ఎలా తిరుగుతుందో తెలిసిన రచయితకు, రాసిన మాటను ఎక్కడ విరవాలో తెలిసిన నటి దొరికింది. నాలుగేళ్లకు జగదేకవీరుని కథలో రాజమాత వేషం మళ్లీ ఆవిడకే వచ్చింది, రచయిత మళ్లీ పింగళే, దర్శకుడు మళ్లీ కె.వి. రెడ్డే. ఇంద్రకుమారి పట్టుచీర దాచిన అత్తగారిగా అక్కడ పని హాస్యం, అమాయకత్వం. అంతకు ముందు 1954లో విప్రనారాయణలో వేశ్య దేవదేవి తల్లిగా ఇంకో రకం, డబ్బు వాసన పసిగట్టే లౌక్యం. ఆ సినిమాలో తెర మీద ఇద్దరు గాయనీమణులు తల్లీకూతుళ్లు. కూతురు భానుమతి పాడుతుంది, తల్లి పాడదు. భానుమతి పుట్టింది 1925లో, అంటే అక్కడా తల్లికీ కూతురికీ తేడా ఎనిమిదేళ్లే.

“నాటకాల ఫక్కీ” అని ఆ తరాన్ని తీసిపారేసే విమర్శకులున్నారు. చేతులు ఎక్కువ ఊపుతారు, కళ్లు ఎక్కువ తిప్పుతారు అని. కొందరి విషయంలో ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ ఫక్కీలోంచి ఏది కెమెరాకు పనికొస్తుందో ఏరుకుని మిగతాది వదిలేసినవాళ్లు కూడా అందులోనే ఉన్నారు. చేతులు తగ్గించి మాట ఉంచుకున్నవాళ్లు. ఋష్యేంద్రమణిని నేను ఆ లెక్కలో వేస్తాను.

తర్వాత వచ్చినవాళ్లు ఏ తలుపులోంచి వచ్చారు

ఈలోగా వేదిక కూడా మారిపోయింది. ఒక పక్క కాంట్రాక్టు నాటకాలు. పేరున్న నటుల్ని నాలుగు సమాజాల నుంచి తెచ్చి ఒక రాత్రికి కలిపి ఆడించడం, ఒక్క వేషాన్ని ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పంచడం. నాటకం పోయి పద్యాల పోటీ మిగిలింది. ఇంకో పక్క 1943లో పుట్టిన, కమ్యూనిస్టుల కళాసంఘం ప్రజానాట్యమండలి. హార్మోనియం పక్కన పెట్టి రైతు మాట్లాడే భాషలో వచన నాటకం. ఇక్కడ నటికి కావాల్సింది రాగం కాదు, సహజంగా నిలబడి మాట్లాడటం.

జమున ఈ రెండో తలుపులోంచి వచ్చారు. పుట్టింది హంపీ అయినా పెరిగింది గుంటూరు జిల్లా దుగ్గిరాలలో, అక్కడే నాటకాలు. ప్రజానాట్యమండలి గరికపాటి రాజారావు 1953లో పుట్టిల్లు చిత్రంతో ఆవిడను సినిమాకు తెచ్చారు. తెనాలి దగ్గరి వేదికల నుంచి, తాడేపల్లి పక్కన చిర్రావూరులో పుట్టి బెజవాడలో పెరిగిన సావిత్రి దాకా ఆ తరానికి పాట వచ్చా అనే ప్రశ్నే ఎదురుకాలేదు. సావిత్రి నేర్చుకున్నది ప్రధానంగా నాట్యం. 1950లో సంసారంలో హీరోయిన్ వేషం చేతిదాకా వచ్చి జారిపోయింది. మరుసటి ఏడు పాతాళభైరవిలో ఒక నాట్యం, 1953లో దేవదాసు. ఆవిడ మొహమే పాడేది, గొంతు ఎవరిదైనా.

రేడియో ఇంకో ఆసరా. 1948 డిసెంబరు 1న బెజవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. మద్రాసు వెళ్లని, వెళ్లి ఇమడని నాటకాలవాళ్లకు పని దొరికింది. అక్కడ మొహంతో నిమిత్తం లేదు, వయసుతో అంతకన్నా లేదు. పద్యమూ వాచికమూ రెండూ ఒకే గొంతులో మళ్లీ పక్కపక్కన కూర్చోగలిగిన చోటు అది ఒక్కటే.

సినిమాలో మాత్రం విడిపోవడం ఆగలేదు. నటి నుంచి మొదట పాట వేరైంది. 1980ల నాటికి మాట కూడా వేరైంది. తెలుగు రాని హీరోయిన్లు వరస కట్టాక సరిత, రోజారమణి లాంటివాళ్లు తెర వెనక నిలబడి వాళ్లకు మాట అరువిచ్చారు. ఈ ఇద్దరూ స్వయంగా మంచి నటీమణులన్నది గుర్తుంచుకోవాలి. ఋష్యేంద్రమణికి పాట పోయాక ఇరవై ఏళ్ల పని ఇచ్చిన ఆ వాచికానికి అలా తెర వెనక విడిగా రేటు కట్టారు. ఇప్పుడు ఎవరైనా హీరోయిన్ తన డబ్బింగ్ తనే చెప్పుకుంటే పేపర్లో అదొక వార్త.